ఆకు కప్పని బుట్ట

‘తలుపు తట్టనివాళ్ళు’ నవల, పదమూడో వారం

కథ ఒక చెంచా దగ్గర ఆగింది. కాలేజీ క్యాంటీన్లో, చల్లటి బీట్‌రూట్ చారు నింపుకుని, గిన్నెకీ నోటికీ సరిగ్గా మధ్యన ఆగిపోయిన చెంచా. అది వైదోతాస్ చేతిలోది.

వైదోతాస్ ఆ ఫారెస్ట్రీ కాలేజీకి కౌన్సెలర్. రంపం పని నేర్పే యుర్గిస్ తన ప్రాణం తానే తీసుకుని వచ్చే నవంబరుకి రెండేళ్ళు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని ప్రిన్సిపాల్ బ్రోన్యుస్ ఏడాదికి పైగా పైవాళ్ళతో పోట్లాడి ఆ పోస్టు తెచ్చాడు. ఫిబ్రవరిలో వైదోతాస్ వచ్చి కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు. కుర్రాళ్ళలోగాని, మాస్టర్లలోగాని ఒక్క మగవాడూ ఆ తలుపు తట్టలేదు. అది వెనకటికి యుర్గిస్ రంపాలకి పదును పెట్టుకునే గది కావడం వల్ల, అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తల లోపలికి పెట్టి “ఆకురాయి ఉందా?” అని అడిగి, ఉండేది మనిషి మాత్రమేనని తెలిసి నిరాశపడి వెళ్ళేవారు. ‘మగవాళ్ళూ, మాట్లాడండి’ అని అతను అంటించిన పోస్టరు కింద పెన్సిలుతో ‘దేని గురించి?’ అని ఉంది. మే నెలలో పెట్టిన చర్చకు ఒకే ఒక్కడు వచ్చాడు. అతనూ గదిని వెచ్చగా ఉంచే రేడియేటరు బాగుచెయ్యడానికి వచ్చినవాడే. అయితే ఆ మనిషి రేడియేటరు వైపు తిరిగి, మరలు బిగిస్తూ, నలభై నిమిషాలపాటు చచ్చిపోయిన తన తమ్ముడి గురించి చెప్పాడు. తల తిప్పి ఒక్కసారీ చూడలేదు. వైదోతాస్ ఏడు నెలల్లో నేర్చుకున్నది ఏదైనా ఉంటే అదే. ఈ ఊరి మగవాళ్ళు మాట్లాడతారు, కాకపోతే మనిషితో కాదు.

ఇక బుట్ట సంగతి. ఆ పైన్ అడవుల్లో సెప్టెంబరు నెలంటే పుట్టగొడుగుల నెల. అడవి నుంచి వచ్చేవాడు బుట్టమీద ఫెర్న్ ఆకు కప్పుకుని వస్తాడు. “ఎక్కడ దొరికాయి?” అని అడిగితే “అడవిలో” అంటాడు. అంతకుమించి చెప్పినవాడు ఆ జిల్లాలో పుట్టలేదు. మట్టి పాఠాలు చెప్పే జెనోనాస్ మాస్టారు ఈ విషయంలో ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. కారు శ్మశానం దగ్గర ఆపి, పూలు పట్టుకుని లోపలికి వెళ్ళి, వెనక గోడ దూకి అడవిలోకి పోయేవాడు. అలాంటివాడు ఆ బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్లోకి ఆకు కప్పని బుట్టతో వచ్చాడు. వంటావిడ ల్యూసియా ముందు ఒక కాగితం పెట్టాడు. “ఇది నా చోటు. ముప్పై నాలుగేళ్ళ చోటు. నీకిచ్చేస్తున్నా,” అన్నాడు.

క్యాంటీనంతా చప్పట్లు కొట్టింది. ఒక్క చెంచా ఆగింది. ఎందుకంటే వైదోతాస్ సొరుగులో తొమ్మిది ప్రమాద సంకేతాల కాగితం ఒకటుంది. అందులో ఆరోది: ‘ప్రాణంగా చూసుకున్నవాటిని ఉన్నట్టుండి ఇతరులకు ఇచ్చెయ్యడం.’

చారు చొక్కామీద ఒలికింది. వైదోతాస్ లేచాడు.

జెనోనాస్ గదిలో మూడు గోడలనిండా మట్టి సీసాలు. నాలుగో గోడకి కిటికీ. ఆ కిటికీ పక్కన నిలబడి ఆయన ఇసుక జల్లిస్తూ కూనిరాగం తీస్తున్నాడు. అది విన్నాక వైదోతాస్‌కి ఆ కాగితం మళ్ళీ గుర్తొచ్చింది. ఎనిమిదో సంకేతం: ‘కారణం లేని ప్రశాంతత.’

“మాస్టారూ, ఒక ఐదు నిమిషాలు.”

“చెప్పను,” అన్నాడు జెనోనాస్ తలెత్తకుండానే.

“ఏం చెప్పరు?”

“నువ్వు అడగబోయేది. ల్యూసియాకి ఇచ్చేశాగా, ఆవిణ్ణే అడుక్కో. నువ్వు నాలుగోవాడివి.”

“నేను పుట్టగొడుగులు తినను మాస్టారూ.”

జల్లెడ ఆగింది. జెనోనాస్ మొదటిసారి ఇతన్ని కాస్త జాలిగా చూశాడు. “తినవా? కడుపులో ఏమైనా తేడానా అబ్బాయ్?”

వైదోతాస్ తలుపు మూశాడు. ఇక అడగాలి. శిక్షణలో ఒకటికి పదిసార్లు చెప్పారు: డొంకతిరుగుడు వద్దు, ‘పిచ్చి ఆలోచనలేమైనా’ లాంటి మెత్తటి మాటలు వద్దు, మాటని దాని పేరుతోనే అడగండి. అడిగాక కళ్ళు దించకండి. అతను దాన్ని ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు సాధన చేశాడు. అద్దంలోని మనిషి ప్రతిసారీ ‘లేదు’ అనేవాడు. అంత తొందరగా లేదనేవాణ్ణి నమ్మవచ్చా అని కూడా అప్పుడప్పుడూ అతనికి అనిపించేది. కానీ మర్నాడు ఉద్యోగం ఉండేది కాబట్టి పడుకునేవాడు.

“మాస్టారూ, మీకు చచ్చిపోవాలని ఉందా? ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?”

ఒక సీసా మూత దానంతటదే టక్కుమంది. లేదా అలా అనిపించింది.

“ఎవరు పంపారు నిన్ను? మా చెల్లెలా?”

“ఎవరూ పంపలేదు.”

“మధ్యాహ్నం పన్నెండున్నరకి, చొక్కామీద చారు పోసుకుని వచ్చి, అడిగే మాటేనా అది!”

“ఎప్పుడైనా అడగొచ్చు మాస్టారూ. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉంటే మాత్రం కాస్త బరువు దిగుతుంది.”

జెనోనాస్ చేతులు దులుపుకున్నాడు. ముఖం ఎర్రబడింది. “చూడబ్బాయ్. ఎనిమిది సాళ్ళ బంగాళాదుంపలు ఇంకా భూమిలోనే ఉన్నాయి నాకు. దుంపలు తవ్వకుండా మా వంశంలో ఎవడూ పోలేదు. మా తాతకి ఆగస్టులో పక్షవాతం వస్తే అక్టోబరు దాకా ఆగాడు.”

“నేను దుంపల గురించి అడగలేదు.”

“నేను దుంపల గురించే చెబుతున్నా!”

వైదోతాస్ కళ్ళు దించలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. అది చూసి జెనోనాస్ కంగారుపడి, కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టి, ఎందుకో కిటికీ వైపు తిరిగాడు.

“ఇప్పుడు లేదు,” అన్నాడు. “మా ఆవిడ పోయిన చలికాలంలో వచ్చి అడిగుంటే వేరే జవాబు చెప్పేవాణ్ణేమో. అప్పుడెవడూ అడగలేదు. యుర్గిస్ ఒక్కడు వచ్చేవాడు. వచ్చి కట్టెలు కొట్టేవాడు, గోడకి పేర్చేవాడు, పోయేవాడు. మాట లేదు, పలుకు లేదు. నా నడుముకి అప్పుడే ఆపరేషన్. పొయ్యి ఆరిపోకుండా ఉందంటే వాడివల్లే.”

“ఆయన పోయాక?”

“పోయాక కూడా ఆగలేదు. అదే విచిత్రం. తెల్లారి లేచి చూస్తే కట్టెలు పేర్చి ఉంటాయి. కాలేజీ కుర్రాళ్ళ పనే అయి ఉంటుంది, ఒక్కడూ ఒప్పుకోడు. ఈ ఏడైతే మరీ చోద్యం. ఇంకా సెప్టెంబరు సగం కాలేదు, చలికాలం మొత్తానికి సరిపడా పేర్చిపెట్టేశారు. మార్చి దాకా చూసుకోనక్కర్లేదు.”

వైదోతాస్ ఆ మాట విన్నాడు. విని, పక్కన పెట్టేశాడు. మంచి శ్రోత చేసే తప్పు అదే, తను ఎదురుచూస్తున్న మాట కోసం మిగతావన్నీ మర్యాదగా పక్కన పెడుతూ పోతాడు.

“మరి మీ చోటు ఎందుకిచ్చేశారు? మీ ఆవిడకి కూడా చెప్పలేదటగా దాని గురించి.”

“చెప్పేవాణ్ణే. ఆవిడకో వదినుంది.”

“మాస్టారూ.”

జెనోనాస్ తలుపు దాకా వెళ్ళి, తీసి, అటూ ఇటూ చూసి, మళ్ళీ మూశాడు. ఇప్పుడు ఆయన ముఖంలో, ఇరవయ్యేళ్ళ కుర్రాడు తొలి ప్రేమలేఖ దాచుకున్నప్పటి వెలుగు ఉంది. కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

“దీనివల్ల. ఇంతకంటే మంచి చోటు దొరికింది నాకు! ఒక మనిషికి రెండు చోట్లుంటే దొంగంటారు. అందుకే పాతది ల్యూసియాకి. ఇవాళ పొద్దున బుట్టమీద ఆకు ఎందుకు కప్పలేదనుకున్నావ్? వాటి సైజు లోకం చూడాలి. పోయిన ఏడు బ్రోన్యుస్ తెచ్చినవి చూశావా? నువ్వు అప్పటికి రాలేదులే. ఒక్కొక్కటీ పసిపిల్లాడి తలకాయంత. ఆ చోటు వాళ్ళ నాన్నదని అందరూ అంటారు. నేను మూడుసార్లు వెంబడించాను వాణ్ణి. ఒకసారి చెట్టెక్కాను కూడా.”

“ఆ చోటే మీకు తెలిసిందా?”

“తెలియడమేంటి, వాడే ఇచ్చాడు! సోమవారం. పిలిచి, కూర్చోబెట్టి, తన చేత్తో గీసి. ‘ఒరేయ్ జెనోనాస్, నా కాళ్ళు ఇక ఆ గుట్ట ఎక్కలేవురా, నువ్వు చూసుకో’ అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఒకరి బుట్ట చూసి ఒకరం ఏడ్చినవాళ్ళం. ఎంత మంచివాడయ్యా!”

వైదోతాస్ చెయ్యి తన ప్యాంటు జేబులోకి వెళ్ళింది. తనకి తెలియకుండానే వెళ్ళింది. వేళ్ళకి గరుకుగా పందివెంట్రుకల కుచ్చు తగిలింది.

అది పుట్టగొడుగులు కోసే చాకు. వంకీ తిరిగిన చిన్న బ్లేడు, పిడి చివర మట్టి దులపడానికి కుచ్చు. అదీ సోమవారమే. బ్రోన్యుస్ నడవలో ఆపి, తన మామూలు ధోరణిలో వీపు చరిచి, “నువ్వు తింటావో లేదో నాకనవసరం అబ్బాయ్, జేబులో ఇది లేకపోతే ఈ ఊళ్ళో నిన్ను పరాయివాడే అంటారు. ఉంచుకో,” అని చేతిలో పెట్టాడు. పిడి మీద బ్రోన్యుస్ బొటనవేలు నలభయ్యేళ్ళుగా అరగదీసిన గుంట ఉంది. వైదోతాస్ థాంక్స్ చెప్పాడు. ఆ రాత్రి తన నోటుపుస్తకంలో ‘నన్ను కలుపుకోవడం మొదలైంది’ అని కూడా రాసుకున్నాడు.

తొమ్మిది సంకేతాలున్న కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నవాడికి, ఆరోదాన్ని తెచ్చి చేతిలో పెడితే, థాంక్స్ చెప్పాడు.

ప్రిన్సిపాల్ అంటే ఆ కాలేజీలో మనిషికంటే ముందు నవ్వు వచ్చేది. ఎవరి పెళ్ళయినా, ఎవరి శ్రాద్ధమయినా బ్రోన్యుస్ ఒక జోకు చెప్పాల్సిందే. నవ్వే మనిషి కోసం ఆ కాగితంలో సంకేతం లేదు.

“మాస్టారూ, లేవండి. ఆ కాగితం తీసుకుని నాతో రండి.”

“ఇది నేనెవరికీ—”

“రండి!”

ప్రిన్సిపాల్ గది తాళం వేసి లేదు. ఎప్పుడూ చిందరవందరగా ఉండే బల్ల తుడిచిపెట్టినట్టుంది. తాళంచెవుల గుత్తులు వరసగా పేర్చి, ఒక్కోదానికీ చీటీ కట్టి ఉంది. వైదోతాస్ ఫోన్ చేశాడు. సొరుగులో మోగింది.

ఇద్దరూ క్యాంటీన్‌కి పరిగెత్తారు. జెనోనాస్ పరుగు అంటే నడుము పట్టుకుని చేసేది, కానీ పరుగే.

“ల్యూసియా గారూ, ప్రిన్సిపాల్ గారిని చూశారా?”

“పదకొండింటికి కారులో అడవి వైపు పోయారు,” అంది ల్యూసియా గరిటె తిప్పుతూ. “నా భోజనం ఎవరికైనా పెట్టెయ్యి అన్నారు. నాకూ వింతగానే ఉంది. బుట్ట లేకుండా పోయారు.”

క్యాంటీన్లో నలభై మంది ఉన్నారు. ఉడికిన బంగాళాదుంపల ఆవిరి, పళ్ళేల చప్పుడు, నవ్వులు. ‘బుట్ట లేకుండా’ అన్న మాట దగ్గర అవన్నీ ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి. ఏడు నెలలుగా పోస్టర్లు చెప్పలేకపోయినదాన్ని ఆ రెండు మాటలు చెప్పాయి. సెప్టెంబరులో, వాన పడిన మూడో రోజున, ఆ ఊరి మగవాడు బుట్ట లేకుండా అడవికి వెళ్ళడు.

“112కి ఫోన్ చెయ్యండి,” అన్నాడు వైదోతాస్.

ల్యూసియా అప్పటికే చేసేసింది. “ఏం చెప్పను?”

“నిజం చెప్పండి. ఆయన ప్రాణానికి ప్రమాదమని భయంగా ఉందని చెప్పండి. డాక్టరుని పంపమనండి.”

ఆమె చెప్పింది. విని, ఫోన్‌ని అరచేత్తో మూసి ఇటు తిరిగింది. “ఎక్కడికి రావాలని అడుగుతున్నారు.”

వైదోతాస్ జెనోనాస్ వైపు చూశాడు. నలభై మందీ చూశారు.

మాస్టారి చేతిలో నాలుగు మడతల కాగితం. ఆయన దాన్ని ల్యూసియాకి చూపించబోయాడు. కళ్ళజోడు లేదని ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె చెవిలో చెప్పబోయాడు. “గట్టిగా చెప్పవయ్యా, అవతల మనిషికి వినబడాలి!” అని ఆమె ఫోన్‌ని ఆయన ముఖం మీదికి చాపింది. జెనోనాస్ ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ శ్మశానం పూలు, దూకిన గోడలు, ఎక్కిన చెట్టు, అన్నీ ఆ రెప్పల వెనక కదిలి ఉంటాయి.

“పాత తారు బట్టీ దాటి,” అన్నాడు గట్టిగా, పాఠం చెప్పే గొంతుతో. “రెండో చెక్కవంతెన దగ్గర ఎడమకి. ఇసుక గుట్ట ఎక్కితే పిడుగు పడ్డ ఓక్ చెట్టు. దానికి ఉత్తరాన నలభై అడుగులు.”

పక్క బల్ల దగ్గర పెన్సిలు గీరుకున్న చప్పుడయింది. ల్యూసియా చూడకుండానే ఆ బల్లమీద గరిటెతో ఒక్కటిచ్చింది. పెన్సిలు కింద పడింది.

జెనోనాస్ కారు వెనక సీటులో దుంపలకోసం తెచ్చిన గోనెసంచులు, ఒక పార, ఒక ఖాళీ పూలకుండీ ఉన్నాయి. బండి ఊరు దాటింది. శ్మశానం మలుపు దగ్గర ఆయన చేతులు వాటంతట అవే స్టీరింగుని కుడికి తిప్పాయి.

“మాస్టారూ, ఎటు?”

“నేరుగా పోతే వెనకవాళ్ళు చూస్తారు.”

“చూడనివ్వండి!”

జెనోనాస్ అద్దంలోకి చూశాడు. “చెప్పానా, వస్తున్నారు. రెండు కార్లు. మన మెకానిక్కుల బండి కూడా ఉంది.”

“వాళ్ళు బ్రోన్యుస్ గారి కోసం వస్తున్నారు.”

“బుట్టలున్నాయేమో చూడు.”

వైదోతాస్ వెనక్కి తిరిగి నిజంగానే చూశాడు. “లేవు.”

జెనోనాస్ బండిని రివర్సు చేసి, నేరుగా పోనిచ్చాడు.

చెక్కవంతెన దగ్గర బ్రోన్యుస్ కారు ఉంది. దాచకుండా, బాట మధ్యన, అద్దాలు తుడిచి. వైదోతాస్ వెనక వచ్చినవాళ్ళని అక్కడే ఆపాడు. డాక్టరు రాగానే దారి చూపించమన్నాడు. గుట్ట ఇద్దరే ఎక్కారు. పైన్ ఆకుల మీద అడుగు వినబడదు. వినబడేది జెనోనాస్ ఊపిరి ఒక్కటే.

పిడుగు పడ్డ ఓక్ చెట్టు కనబడింది. దాని మొదట్లో, ఇటు వీపు పెట్టి, కాళ్ళు చాపుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కోటు పాతది. తల వంచి ఉంది. వైదోతాస్ ఆ వీపునే చూస్తూ నిలబడ్డాడు. తను చదివిన పుస్తకాలన్నీ ఆ క్షణంలో ఒక్క ప్రశ్నగా మారిపోయాయి. వీపు కదులుతోందా, లేదా?

కదిలింది. బ్రోన్యుస్ తుమ్మాడు.

వైదోతాస్ పరిగెత్తి పట్టుకోవాలనుకున్నాడు. కానీ రేడియేటరు బాగుచేసినవాడు గుర్తొచ్చాడు. మెల్లగా వెళ్ళి, ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాడు. బ్రోన్యుస్ చూస్తున్న వైపే చూశాడు. అక్కడేమీ లేదు. నాచు, ఇసుక, ఒక చీమలదారి.

“బుట్ట తెచ్చావా?” అన్నాడు బ్రోన్యుస్ కాసేపటికి.

“లేదు. మీరూ తేలేదుగా.”

“ఒక కౌన్సెలరూ, ఒక ప్రిన్సిపాలూ అడవికి వెళ్ళారట,” అని మొదలుపెట్టాడు బ్రోన్యుస్. ఆయన గొంతులో అలవాటైన ఊపు అలాగే ఉంది. “అక్కడ ఒక పుట్టగొడుగు వాళ్ళని చూసి...”

ఆగింది. వైదోతాస్ ఎదురుచూశాడు. “తరవాత?”

“తరవాత రావడం లేదబ్బాయ్. పొద్దుణ్ణించి ఆలోచిస్తున్నా. ఏ జోకూ చివరిదాకా రావడం లేదు.”

“బ్రోన్యుస్ గారూ, మీరు ఆత్మహత్య చేసుకోవాలనుకుంటున్నారా?”

చీమ ఒకటి బ్రోన్యుస్ బూటెక్కి, అటు దిగింది.

“అవును,” అన్నాడు.

అద్దంలోని మనిషి ఏనాడూ ఆ మాట అనలేదు. కాబట్టి దాని తరవాత ఏమనాలో సాధన లేదు. వైదోతాస్‌కి నోటికొచ్చింది ఒక్కటే. “అయితే నేనిక్కడే ఉంటాను. కింద వంతెన దగ్గరికి డాక్టరు వస్తున్నారు. దిగేటప్పుడు కలిసే దిగుదాం. తొందరేం లేదు.”

బ్రోన్యుస్ తలూపాడు. మోస్తున్న బస్తాకి రెండో చివర ఎవరో పట్టుకున్నట్టు ఆయన భుజాలు కొద్దిగా కిందికి దిగాయి.

“ఈ చోటు మా నాన్నది కాదు,” అన్నాడు చీమలతో. “మా నాన్నకి పుట్టగొడుగుకీ పుచ్చకాయకీ తేడా తెలీదు. ఇది యుర్గిస్‌ది. పోయేముందు అక్టోబరులో నాకిచ్చాడు. గీసి, నా చేతిలో పెట్టాడు. నేనేం చేశానో తెలుసా? థాంక్స్ చెప్పాను. చెప్పి, ఆదివారం బుట్ట తీసుకుని ఇక్కడికొచ్చాను.”

వైదోతాస్ జేబులో చాకు కుచ్చు తొడకి గుచ్చుకుంది. “నేనూ థాంక్సే చెప్పాను. సోమవారం,” అన్నాడు.

బ్రోన్యుస్ అప్పుడు మొదటిసారి అతని వైపు తిరిగాడు.

“‘ఈ చలికాలం జెనోనాస్‌కి కట్టెలు నువ్వు కొట్టిపెట్టరా’ అని కూడా అన్నాడు యుర్గిస్. ఎందుకురా, నీ చేతులకేమైందిరా అని నేను నవ్వాను. నవ్వాను అబ్బాయ్! అందుకే కొడుతున్నా. రెండు చలికాలాలు. వాడికి తెలీకుండా, తెల్లారకముందే.”

వెనక పుల్ల విరిగింది. ఇద్దరూ తిరిగి చూశారు. జెనోనాస్ పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తన చాకు. రెండో చేతిలో పసిపిల్లాడి తలకాయంత పుట్టగొడుగు.

“క్షమించండి,” అన్నాడు. “కాలికి తగిలింది. ఒక్కటే కోశాను.”

ఆయన ముఖం చిత్రంగా వంకర తిరిగింది.

“ఒరేయ్ బ్రోన్యుస్. ఈ ఏడు సెప్టెంబరులోనే మొత్తం పేర్చేశావేంరా?”

బ్రోన్యుస్ మళ్ళీ చీమల వైపు తిరిగాడు.

“మార్చిలో అయిపోతాయి. ఏప్రిల్లో కూడా మంచు పడుతుంది ఇక్కడ, తెలుసుగా నీకు? ఏప్రిల్లో ఎవడు కొడతాడనుకున్నావ్? నా నడుము కొడుతుందా?” గొంతు పగిలింది. “పైగా ఆ పేర్చడమేంటి, వెధవ పేర్పు! మూల మీద మూల లేదు. యుర్గిస్ అయితే గోడ కట్టినట్టు పేర్చేవాడు. వచ్చే ఏడు నేను చెప్పినట్టు పేర్చాలి. విన్నావా? వచ్చే ఏడు!”

ఆ తిట్లు వింటూ బ్రోన్యుస్ ముఖం మెల్లగా తడిసింది. నవ్వు కాదుగానీ, నవ్వుండే చోటు కదిలింది. ఆయన కోటు లోపల చెయ్యి పెట్టి, అంచులు నలిగిన ఒక కవరు తీశాడు.

“యుర్గిస్ ఇంకోటి కూడా ఇచ్చాడు. వీడికి ఇమ్మని. వాడు పోయాక నాకు ధైర్యం చాల్లేదు. రెండేళ్ళుగా మోస్తున్నా.”

కవరు మీద ముదురు పెన్సిలుతో ‘జెనోనాస్‌కి’ అని ఉంది. జెనోనాస్ చాకుని, పుట్టగొడుగుని చూసుకున్నాడు. రెంటిలో దేన్నీ కింద పెట్టలేకపోయాడు.

“కళ్ళజోడు కారులో ఉంది,” అన్నాడు. “నువ్వు విప్పబ్బాయ్.”

వైదోతాస్ జేబులోంచి బ్రోన్యుస్ చాకు తీసి, వంకీ బ్లేడు తెరిచి, కవరు అంచు కోశాడు. అతను ఆ చాకుతో కోసిన మొదటి వస్తువు అదే. దూరంగా, తారు బట్టీ వైపు నుంచి, సైరన్ వినబడింది.

లోపల ఉత్తరం లేదు. ఒక్క అక్షరం లేదు. నాలుగు మడతల కాగితం మీద ఒక పటం, ఒక మూలన చిన్న ఇంటూ గుర్తు.

“చోటేనా?” అన్నాడు జెనోనాస్ గుటక మింగి. “ఏ అడవి?”

వైదోతాస్ పటాన్ని ఒకసారి తలకిందులుగా తిప్పాడు. మళ్ళీ నిలువుగా తిప్పాడు. పొడవాటి నడవ. మెట్లు. లైబ్రరీ తలుపు. దాని పక్కన చిన్న గది.

“అడవి కాదు మాస్టారూ,” అన్నాడు. “ఇది నా గది. నా రేడియేటరు వెనక.”